మధ్య సీటు పందెం

విమానంలో ఎలా మసలుకోవాలో తెలిసిన మనిషి ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడనీ, ఆ ఒక్కడూ తనేననీ కళ్ళజోళ్ళాయన నమ్మకం. ఎవరి సంచి వాళ్ళ నెత్తిమీది అరలోనే పెట్టుకోవాలి. ముందు సీటుని మోకాళ్ళతో తన్నకూడదు. ఫోన్లో పాట వినాలనుంటే చెవుల్లో పెట్టుకుని వినాలి గానీ ఊరందరికీ వినిపించకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, విమానం ఆగి బెల్టు లైటు ఆరేదాకా కుర్చీలోంచి లేవకూడదు. చక్రాలు నేలకి తగిలీ తగలకముందే లేచి, పై అరల కింద మెడలు వంచుకుని నిలబడే జనాన్ని చూస్తే ఆయనకి ఒళ్ళు మండిపోయేది. "తలుపు తీసేది వీళ్ళ తాతా?" అని గొణుక్కునేవాడు.

ఇన్ని నీతులు చెప్పే పెద్దమనిషి తను చేసే పని మాత్రం చూడండి.

ఆయనకీ భార్యకీ కలిపి ఒక చిన్న కళ్ళజోళ్ళ షాపు. ఆవిడ ముందు గదిలో కళ్ళు పరీక్ష చేస్తుంది, ఆయన వెనక గదిలో అద్దాలు సానపడతాడు. పిల్లల్లేరు. కొత్త ఫ్రేములు ఎంచుకోవడానికి ఏడాదికి రెండుసార్లు ఇద్దరూ విమానమెక్కి పెద్ద నగరానికి వెళ్ళొస్తారు. పంతొమ్మిదేళ్ళ నుంచీ ఇదే వరస. టికెట్లు తీసేటప్పుడు ఆవిడకి కిటికీ, ఆయనకి నడవ పక్కది. మధ్యది వదిలేస్తారు. మధ్య సీటంటే ఎవరికీ మోజుండదు కాబట్టి అది ఖాళీగా మిగిలితే ఇద్దరికి మూడు సీట్లు. ఎవరైనా వచ్చి పడ్డారో, పందెం మొదలు. ఒకరికొకరు ముక్కూమొహం తెలియనట్టు కూర్చోవాలి. సార్, మేడమ్ అనే పిలుచుకోవాలి. దిగేలోపు మొగుడూ పెళ్ళాలమని ఎవరు ముందు బయటపడితే వాళ్ళు ఓడినట్టు. గెలిచినవాళ్ళు ఏదైనా ఒక్కటి అడగొచ్చు, ఓడినవాళ్ళు కాదనకూడదు. పాపం మధ్యలో కూర్చున్నవాడి ఇబ్బంది మాత్రం ఆయన మర్యాదల చిట్టాలో లేదు.

ఓడేది ఎప్పుడూ ఆవిడే. ఒకసారి నవ్వాపుకోలేక ఓడింది. ఇంకోసారి, "సార్, బీపీ మాత్ర వేసుకున్నారా?" అని అడిగి ఓడింది. మధ్యలో ఉన్న ముసలాయన ఆవిడ వంకా ఈయన వంకా చూసి తెరిచిన నోరు మూయలేదు. ఇంతా చేసి గెలిచిన మొగుడు అడిగే కోరికలు ఏపాటివి? నెల్లాళ్ళు దుప్పట్లు తను మడవనక్కర్లేదు. షాపు షట్టరు ఆవిడే దించాలి. పంతొమ్మిదేళ్ళలో ఆయన ఒక్కసారి కూడా ఓడలేదు.

ఈసారి ప్రయాణం ఫ్రేముల కోసం కాదు.

కిందటేడు ఆవిడ కడుపు కోసి ఒక గడ్డ తీశారు. ఆ తర్వాత ఆరు నెలలు మందు సూదులు. మందు నరంలోకి ఎక్కుతున్నంతసేపూ ఆవిడ ఆయన బొటనవేలు పట్టుకునేది. వదిలేసరికి వేలు కమిలిపోయి ఉండేది. జుట్టు పోయింది, మళ్ళీ వచ్చింది. జుట్టుతోపాటు గడ్డ కూడా వచ్చింది. పెద్ద నగరంలో ఒక పెద్ద డాక్టరు మళ్ళీ కోసి చూద్దామన్నాడు. నూటికి పదిహేను పాళ్ళు ఆశ ఉందన్నాడు. ఆయన ఆ పదిహేనుని పట్టుకుని వేలాడుతున్నాడు. ఆవిడ వద్దంటోంది. మూడు వారాలుగా ఇంట్లో ఇదే రామాయణం. చివరికి, "అక్కడికెళ్ళి డాక్టర్ని చూశాకే వద్దను," అని బతిమాలి బయలుదేరదీశాడు.

ఆ ఉదయం విమానం పిలుపు కోసం కూర్చున్నప్పుడు ఆవిడే కదిపింది.

"మధ్యలో ఎవరైనా వస్తే, ఈసారి పెద్ద పందెం వేసుకుందామండీ."

"ఇప్పుడు పందేలేంటే?"

"నేను ఓడితే నోరెత్తకుండా ఆపరేషన్ బల్ల ఎక్కుతాను. మీరు ఓడితే అటునుంచి అటే ఇంటికి. ఇంకే డాక్టరు దగ్గరికీ తీసుకెళ్ళకూడదు. మళ్ళీ ఆ మాటెత్తకూడదు."

బుద్ధున్నవాడైతే ప్రాణం మీద పందెమేమిటని కసురుకునేవాడు. కానీ ఆయనకి పంతొమ్మిదేళ్ళ గెలుపు నెత్తికెక్కి ఉంది. మూడు వారాలు బతిమాలితే ఒప్పుకోని మనిషి తనంతట తను దారికొస్తోందనుకున్నాడు.

"మాట మీద నిలబడతావా?" అన్నాడు.

"మీరు నిలబడండి చాలు," అంది ఆవిడ.

మధ్య సీటు ఖాళీగా ఉండాలని ఎప్పుడూ కోరుకునే మనిషి, ఆ రోజు ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటే బాగుండునని విమానం తలుపు వంకే చూస్తూ కూర్చున్నాడు.

తలుపు మూస్తారనగా వచ్చాడు ఒకడు. భుజాన ఒక సంచి, చేతుల్లో రెండు. వాటిని తీసుకొచ్చి కళ్ళజోళ్ళాయన అరలోనే కుక్కి, ఆయన కోటు నలిపి, ఆయన కాలు తొక్కి, దబ్బున మధ్య సీట్లో కూలబడ్డాడు. కూర్చుంటూనే బూట్లు విప్పాడు. రెండు మోచేతులూ రెండు పక్కలా పరిచాడు. ఫోన్ తీసి ఏదో నవ్వుల వీడియో పెట్టాడు, చెవుల్లో ఏమీ పెట్టుకోకుండా. ఒక్క మనిషిలో ఇన్ని కళలా అనుకున్నాడు కళ్ళజోళ్ళాయన. అయినా కోపం రాలేదు. వచ్చినందుకు అతని కాళ్ళమీద పడాలనిపించింది, ఆ మేజోళ్ళ వాసన లేకపోతే పడేవాడేమో.

"నేను నీళ్ళ పంపులు అమ్ముతానండీ," అన్నాడు అతను ఎవరూ అడక్కుండానే. "మీ ఇళ్ళల్లో ఏం పంపులు?"

ఆ పంపులాయన కళ్ళజోడు ఎడమ పక్కకి వాలి ఉంది. ఆవిడ దాన్ని చూడటం, చూపు తిప్పుకోవడం, మళ్ళీ చూడటం కళ్ళజోళ్ళాయన కనిపెట్టాడు. వంకర కళ్ళజోడు కనిపిస్తే ఆవిడ చెయ్యి ఊరుకోదు. సరిచేయబోతుంది, షాపు సంగతి వస్తుంది, ఆ వెనకే మొగుడి సంగతీ వస్తుంది, నవ్వేస్తుంది. అరగంటలో తేలిపోతుందని లెక్క వేసుకున్నాడు.

ఆవిడ చేతులు శాలువాలోంచి బయటికి తీయలేదు.

విమానం పైకి లేచాక పంపులాయన ఆవిడ వైపు తిరిగాడు.

"ఎక్కడిదాకా అక్కా?"

"ఆస్పత్రికి."

అతను వీడియో ఆపేశాడు. "ఒంటరిగానా? బావగారు రాలేదా?"

"ఆయనకి ఈమధ్య నా పక్కన కూర్చోవడం కుదరడం లేదు తమ్ముడూ."

"అదేం మాటక్కా! ఒంట్లో బాగాలేని మనిషిని ఇలా వదిలేస్తారా ఎవరైనా?" అని ఇటు తిరిగాడు. "విన్నారా సార్? ఇలాంటి మొగుణ్ణి ఏమనాలి?"

"ఆయన ఇబ్బందులు ఆయనకుంటాయేమోనండీ," అన్నాడు కళ్ళజోళ్ళాయన.

"ఇబ్బందులా? గాడిద గుడ్డు!"

ఇక్కడ ఆవిడ తప్పకుండా నవ్వాలి. ఇంతకన్నా చిన్నవాటికి పడి పడి నవ్విన మనిషి. ఆయన ఓరగా చూశాడు. ఆవిడ కిటికీ అద్దం మీద వేలితో ఏదో రాస్తోంది.

"ఆయన చెడ్డవారు కాదు తమ్ముడూ," అంది. "పొద్దున్నే లేచి నా మాత్రలు బ్లేడుతో సరిగ్గా సగానికి కోసి పెడతారు. వాంతులవుతుంటే గిన్నె పట్టుకుని కూర్చుంటారు. మొహం చిట్లించగా ఒక్కనాడు చూడలేదు. అన్నీ చేస్తారు. నా మాట ఒక్కటే వినరు."

"ఏం మాటక్కా?"

"ఇక చాలండీ, అనే మాట."

పంపులాయన తన మోచేతులు రెండూ దగ్గరికి లాక్కున్నాడు.

"ఇంకోసారి కోస్తారట. మొదటి కోతకే నేను నేనుగా మిగల్లేదు. ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు నా షాపులో, నా కుర్చీలో, వచ్చినవాళ్ళ చేత అక్షరాలు చదివించుకుంటూ ఉంటానంటే ఆయనకి ఎక్కదు."

ఇన్ని మాటలు ఆవిడ మూడు వారాల్లో ఆయనతో అనలేదు. అనలేదా, లేక తనే అననివ్వలేదా? ఆవిడ నోరు తెరిచినప్పుడల్లా పదిహేను పాళ్ళు, పదిహేను పాళ్ళని అడ్డం పడిపోయాడు. ఇప్పుడు పడటానికి లేదు. పరాయివాడిలా కూర్చుని పూర్తిగా వినాల్సి వచ్చింది. అయినా నోరూరుకోలేదు.

"మేడమ్, మధ్యలో వస్తున్నానని ఏమీ అనుకోకండి. మీ ఆయన ఆశకొద్దీ అంటున్నారేమో. నూటికి ప..." అని చప్పున నాలుక కరుచుకున్నాడు. "ఎంతో కొంత ఆశ ఉంటుంది కదా."

"ఉంటుంది సార్. ఆశ ఆయనది. కోత నాది."

ఆ మాట తిన్నగా వచ్చి ఆయన గుండెలో దిగింది. మధ్యలో పంపులాయన మెడ అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నాడు.

"మీరు లేకపోతే ఆయనేమైపోతాడు మేడమ్?" అన్నాడు చివరికి.

"అద్దాలు సానపట్టుకుంటారు. మొదట్లో చేతులు వణుకుతాయి. నాలుగు అద్దాలు పగులుతాయి. తర్వాత కుదురుకుంటాయి." ఆవిడ ఆయన వైపు చూడలేదు. "కుదురుకోవాలి సార్. కళ్ళు కనపడక వచ్చేవాళ్ళు ఊరుకోరు కదా."

"సార్, మీరెందుకు ఏడుస్తున్నారు?" అన్నాడు పంపులాయన.

"నాకు ఏసీ గాలి పడదండీ."

"గాలి నా మీదకొస్తోంది సార్, మీ మీదకి కాదు."

టీలు వచ్చాయి. ఆవిడ ముందు సీటులో ఉన్నవాడు, వెనక మనిషుందో మానుందో చూడకుండా, ఒక్క ఊపున సీటు వెనక్కి వాల్చాడు. టీ పెట్టుకున్న బల్ల వచ్చి ఆవిడ పొట్టకి తగిలింది, సరిగ్గా కుట్లు పడినచోట. ఆవిడ నోట్లోంచి "హా" అని చిన్న శబ్దం వచ్చింది. కళ్ళజోళ్ళాయన చెయ్యి దానంతటదే బెల్టు మీదికి పోయింది. ఆవిడ కళ్ళు తెరిచి ఆయన్నే చూసింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పంపులాయన మాత్రం లేచి నిలబడి, ముందువాడి ఏడు తరాలనీ తలుచుకుని సీటు ముందుకి జరిపించాడు. తన భార్య కోసం పరాయివాడు తగువు పడుతుంటే కళ్ళజోళ్ళాయన టీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు. జన్మలో అంత సిగ్గు ఎరగడు.

నొప్పి తగ్గలేదు. ఆవిడ మొహం పాలిపోయింది. సంచిలోంచి ఒక పాత కళ్ళజోడు డబ్బా తీసి పంపులాయన చేతిలో పెట్టి, కళ్ళు మూసుకుంది. అందులో మాత్రల ముక్కలు, తెల్లవి, పసుపువి.

"ఏదక్కా? అక్కా, వీటిలో ఏది?"

ఆవిడ పలకలేదు.

"తెల్లది," అన్నాడు కళ్ళజోళ్ళాయన. "ఒక ముక్క చాలు. ముందు కాస్త బిస్కెట్టు తినిపించండి. ఖాళీ కడుపున పడదు."

పంపులాయన ఆయన్ని ఎగాదిగా చూశాడు. "మీకెలా తెలుసు సార్?"

ఇదిగో, దీని పేరే మనిషి మొండితనం. నిజం చెప్పేస్తే పోయేది. "మాకు మందుల షాపుండేది లెండి," అన్నాడు. ఆ అబద్ధం ఆడుతున్నప్పుడు కూడా ఆయన లోపల లెక్క వేసుకుంటూనే ఉన్నాడు. ఇంకో గంట. గంట పళ్ళబిగువున కూర్చుంటే గెలుపు. గెలిస్తే ఆపరేషన్. ఆపరేషన్ అయితే నూటికి పదిహేను. ఈ పాపిష్టి గంటకి ఆ తర్వాత పదేళ్ళు తనని తను తిట్టుకోవచ్చు, ఆవిడ పక్కనే కూర్చుని తిట్టుకోవచ్చు.

పంపులాయన బిస్కెట్టు విరిచి, ముక్కలు ముక్కలుగా తినిపించి, మాత్ర వేయించాడు. పెద్ద చేతులు, మోటు చేతులు, అయినా ఒక్క తునక కూడా కింద పడనివ్వలేదు.

విమానం దిగడం మొదలైంది. బెల్టులు పెట్టుకోమన్నారు. లైటు వెలిగింది. ఎయిర్‌హోస్టెస్ ఒకసారి నడవంతా చూసుకుంటూ వెళ్ళి తన సీటులో బెల్టు బిగించుకుంది. ఇంకో పావుగంట. ఆవిడ తల పక్కకి ఒరిగి పంపులాయన భుజానికి ఆనింది. అతను ఊపిరి కూడా మెల్లగా తీస్తూ కదలకుండా కూర్చున్నాడు.

"అక్క చేతులు మంచుగడ్డలైపోయాయి సార్," అన్నాడు లోగొంతుకతో.

కళ్ళజోళ్ళాయన ముందు సీటు వెనక అంటించిన కాగితం చదవసాగాడు. ప్రమాదం వస్తే ఏ తలుపులోంచి బయటపడాలో అందులో ఉంది.

ఆవిడ చెయ్యి శాలువాలోంచి బయటికి వచ్చింది. కళ్ళు మూసుకునే ఉంది. చెయ్యి గాల్లో కాస్త తడుముకుని, దొరికిన చేతిని దొరకపుచ్చుకుని, వేళ్ళన్నీ దాటుకుంటూ పోయి బొటనవేలు పట్టుకుంది. పంపులాయన బొటనవేలు.

కళ్ళజోళ్ళాయన తన వేలు వంక చూసుకున్నాడు. ఆరు నెలలు కమిలిన వేలు అది. ఇక్కడ ఊరికే ఉంది.

ఆపరేషన్ బల్ల మీద కూడా తను పక్కన ఉండడు. ఆ సంగతి ఆయనకి అప్పుడు తట్టింది. మత్తు ఎక్కేముందు ఆవిడ ఇలాగే తడుముకుంటుంది. ఎవరి వేలో దొరుకుతుంది. నూటికి ఎనభై అయిదు పాళ్ళు, ఆవిడ పట్టుకునే ఆఖరి వేలు అదే.

బెల్టు టక్కుమని ఊడింది. ఆయన లేచి నిలబడ్డాడు.

"లేవండి," అన్నాడు.

"సార్, లైటు వెలుగుతోంది..."

"లేవండి బాబూ, మీకు దణ్ణం పెడతాను. ఆవిడ నా భార్య."

"సార్! కూర్చోండి! వెంటనే కూర్చోండి!" ఎయిర్‌హోస్టెస్ తన సీటులోంచే కేక పెట్టింది. విమానం ఊగుతోంది. పది వరసల తలలు వెనక్కి తిరిగాయి. "వయసొచ్చింది గానీ బుద్ధి రాలేదు," అన్నారెవరో. పంతొమ్మిదేళ్ళుగా అందరినీ ఆయన అంటున్నలాంటి మాటే అది. ఆయన చెవికి ఎక్కలేదు. నోరు తెరుచుకున్న పంపులాయన బయటికి ఎలా వచ్చాడో, తను లోపలికి ఎలా దూరాడో తెలియదు. ఆవిడ చేతికి తన వేలు అందించి, ఆ తల తన భుజానికి ఆనించుకుని, అప్పుడు బెల్టు పెట్టుకున్నాడు.

"ఒసేయ్, నేనే," అన్నాడు.

ఆవిడ కళ్ళు తెరిచింది. ఎంతసేపో చూసింది.

"ఓడిపోయారు," అంది.

"నటించావా?"

"సగం."

"ఏ సగం?"

ఆవిడ ఆయన వేలు ఇంకా గట్టిగా పట్టుకుంది. ఆ పట్టులో నటన లేదని ఆయనకి తెలుసు.

చక్రాలు నేలకి తగిలాయి. ఎప్పట్లాగే లైటు ఆరకముందే సగం విమానం లేచి నిలబడింది. వాళ్ళు ముగ్గురూ లేవలేదు. జనమంతా దిగిపోయాక పంపులాయన పై అరలోంచి వాళ్ళ సంచులు తీసిచ్చి, నలిగిన కోటుని చేత్తో సాపు చేసి ఇచ్చాడు.

"బావగారూ, ఏమీ అనుకోకండి. ఇందాక గాడిద గుడ్డన్నాను."

"సరిగ్గానే అన్నావు తమ్ముడూ," అన్నాడు కళ్ళజోళ్ళాయన.

"వంగు," అంది ఆవిడ అతనితో. అతను వంగాడు. ఆవిడ అతని కళ్ళజోడు తీసి, కాడ దగ్గర బొటనవేలితో చిన్నగా వంచి, మళ్ళీ పెట్టి చూసింది. ఇంకాస్త వంచింది. "ఇప్పుడు బాగుంది. ఇన్నాళ్ళూ లోకమంతా వంకరగా కనపడి ఉంటుంది నీకు," అంది. అతను సంచులు పట్టుకుని గబగబా వెళ్ళిపోయాడు. ఒకటి మరిచిపోయి మళ్ళీ వచ్చి తీసుకున్నాడు.

బయట హాల్లో ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టాడు. పక్కన తనూ కూర్చున్నాడు.

"పందెం పందెమేనంటావా?" అన్నాడు. చివరిసారి అడుగుతున్నానని ఆయనకి తెలుసు.

"పంతొమ్మిదేళ్ళు మీరడిగినవన్నీ ఇచ్చాను," అంది ఆవిడ. "దుప్పట్లన్నీ మడిచాను. షట్టర్లు దించాను. నేను ఒక్కసారి గెలిచానండీ. ఈ ఒక్కటీ ఇవ్వండి."

ఆయన ఏడ్చాడు. ఎదురుగా సంచులు లాక్కుంటూ జనం పోతుండగా, దాచుకోకుండా, శబ్దం వచ్చేలా ఏడ్చాడు. ఆవిడ ఆపమనలేదు. అయ్యాక శాలువా కొసతో ఆయన కళ్ళద్దాలు తుడిచి పెట్టింది.

తిరుగు విమానానికి టికెట్లడిగితే కిటికీ పక్కది ఒకటి, నడవ పక్కది ఒకటి ఉన్నాయంది కౌంటరు దగ్గరి అమ్మాయి. మధ్యలో ఎవరో ఉన్నారట. వద్దమ్మా, పక్కపక్కనే కావాలన్నాడు. అలాగైతే మధ్యాహ్నం దాకా ఆగాలంది. ఆగుతామన్నాడు.

అప్పుడు ఆస్పత్రికి ఫోన్ చేశాడు. రేపటికి రాయించుకున్న ఆవిడ పేరు కొట్టేయమన్నాడు. అటువైపు ఎవరో చిన్నపిల్ల గొంతు, రాసుకుంటూ అడుగుతోంది.

"పేషెంటుకి మీరేమవుతారండీ?"

"భర్తని."

"ఎందుకు మానుకుంటున్నారు సార్? కారణం రాయాలి."

ఆయన పక్కకి చూశాడు. ఆవిడకి నిద్ర పట్టింది. ఈసారి నిజం నిద్రే, నోరు కాస్త తెరుచుకుని ఉంది. ఆయన వేలు ఆవిడ గుప్పిట్లో ఉండిపోయింది.

"ఓడిపోయానని రాయమ్మా," అన్నాడు.